వేలు ఆగిన చోట మాట

ఏడాది నిండి ఇంకా మూడేళ్లు నిండని పిల్లల చేతిలో పెట్టే ఒక రకం పుస్తకం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. పట్టణాల్లో పుస్తకాల దుకాణాలకు వెళ్లేవాళ్లు వీటిని చూసే ఉంటారు. పేజీలు మందపాటి అట్టతో ఉంటాయి. మూలలు గుచ్చుకోకుండా గుండ్రంగా కోసి ఉంటాయి. మొత్తం కలిపి పదో పన్నెండో పేజీలు, పేజీకి ఒక బొమ్మ, ఒకటో రెండో వాక్యాలు. బొమ్మలో కొంత మేర అట్టను కత్తిరించి, ఆ ఖాళీలో వేలితో తడమడానికి ఏదో ఒకటి అతికిస్తారు. గొర్రెపిల్ల వీపు మీద ఉన్నిలాంటి గుడ్డ, కప్ప పొట్ట మీద నున్నటి రబ్బరు, ఏనుగు కాలి మీద గరుకైన తోలు ముక్క. టచ్ అండ్ ఫీల్ పుస్తకాలని వీటికి పేరు. చూడగానే ఆటవస్తువులా కనిపిస్తాయి కాబట్టి కొందరు పెద్దలు వీటిని తేలిగ్గా తీసేస్తారు. మరికొందరు ఇది కొనిచ్చేస్తే చాలు, పిల్లలు తమంతట తామే నేర్చేసుకుంటారని ఆశపడతారు. ఈ రెండూ సరికావని నా అభిప్రాయం. పుస్తకంలో అతికించిన ఉన్ని ముక్క ఒంటరిగా ఏమీ నేర్పదు. బిడ్డ వేలు దాని మీద ఉన్న ఆ రెండు మూడు క్షణాల్లో పక్కనున్న పెద్దవాళ్ల నోటి నుంచి తగిన మాట వస్తే మాత్రం, మెత్తన, గరుకు, పెద్ద, చిన్న, లోపల, బయట లాంటి తొలి భావనలు నేర్పడానికి ఆ వయసుకు ఇంతకన్నా అనువైన సాధనం దొరకడం కష్టం. ఈ మాట దేని ఆధారంగా అంటున్నానో, దీని మీద వచ్చే అభ్యంతరాలకు నా జవాబేమిటో చెబుతాను.

ఈ పుస్తకాల చరిత్ర మరీ పాతదేమీ కాదు. 1940లో అమెరికాలో డొరతీ కున్‌హార్ట్ అనే రచయిత్రి తన చిన్నకూతురి కోసం తయారుచేసిన ‘ప్యాట్ ద బన్నీ’ ఈ తరహా పుస్తకాల్లో తొలినాటిది, ఇప్పటికీ అచ్చవుతున్నది. అందులో కుందేలు ఒంటికి మెత్తటి బొచ్చు ఉంటుంది. గడ్డం గీసుకోని నాన్న చెంప మీద ఉప్పుకాగితంలా గరుకైన ముక్క ఉంటుంది. దోబూచులాడటానికి ఎత్తి చూసే గుడ్డ ముక్క ఉంటుంది, ముఖం చూసుకోవడానికి అద్దం ఉంటుంది. బిడ్డ రోజూ చూసే మనుషులే, రోజూ జరిగే పనులే పేజీల్లోకి వచ్చాయి. 1999లో ఇంగ్లండులోని అస్‌బోర్న్ సంస్థ ఫియోనా వాట్ రాయగా రేచెల్ వెల్స్ బొమ్మలు వేసిన ‘దట్స్ నాట్ మై పప్పీ’ని వేసింది. పేజీ పేజీకీ ఒక కుక్కపిల్ల. దాని ఒంటి మీద ఏదో ఒక చోట తడిమి, ఇది నాది కాదనుకుంటూ పోతే చివరి పేజీలో నాది అనదగ్గది దొరుకుతుంది. ఇంత చిన్న ఏర్పాటు వెనక ఎంత తెలివి ఉందో కాసేపట్లో చెబుతాను. అంతకు ముందు, అసలు ఈ తడమడం ఎందుకన్నది తేల్చుకోవాలి.

చేతికి తగిలినదీ కంటికి కనిపించినదీ ఒకటేనని మనకు పుట్టుకతోనే తెలుసనుకుంటాం. తెలుసా, తెలియదా అన్న ప్రశ్న చాలా పాతది. 1688లో డబ్లిన్ నగరవాసి విలియం మాలినో తత్త్వవేత్త జాన్ లాక్‌కు రాసిన ఉత్తరంలో ఇలా అడిగాడు. పుట్టుగుడ్డి అయిన మనిషి గోళాన్నీ ఘనాన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టగలడు. అతనికి హఠాత్తుగా చూపు వస్తే, ముట్టుకోకుండా చూపుతోనే ఏది ఏదో చెప్పగలడా? మూడు వందల ఏళ్ల పైచిలుకు తరువాత దీనికి జవాబు మన దేశంలోనే దొరికింది. చికిత్సతో చూపు తెప్పించగలిగి కూడా వైద్యం అందక అంధులుగా మిగిలిపోయిన పిల్లల కోసం పవన్ సిన్హా అనే శాస్త్రవేత్త ప్రాజెక్ట్ ప్రకాశ్ నడుపుతున్నారు. ఢిల్లీలోని డాక్టర్ ష్రాఫ్ ధర్మాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న 8 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు అయిదుగురిని చూపు వచ్చిన వెంటనే పరీక్షించి, ఫలితాలను 2011లో ప్రచురించారు. చేత్తో తడిమిన బొమ్మను మళ్లీ చేత్తో తడిమి గుర్తుపట్టారు. కంటితో చూసినదాన్ని కంటితో గుర్తుపట్టారు. చేత్తో తడిమినదాన్ని కంటితో గుర్తుపట్టమంటే మాత్రం గుడ్డిగా ఊహించి చెప్పినట్టే అయింది. కొద్ది రోజులు గడిచాక మళ్లీ పరీక్షించిన పిల్లలు ఆ పని చేయగలిగారు. కంటికీ చేతికీ మధ్య దారి అనుభవంతో పడుతుందని, అవకాశం దొరికితే త్వరగా పడుతుందని దీన్నిబట్టి నేను అర్థం చేసుకుంటున్నాను. ఏడాది బిడ్డ ప్రతిదాన్నీ పట్టుకుని, పిసికి, నోట్లో పెట్టుకుని చూస్తుందంటే ఆ దారిని రోజూ బలపరుచుకుంటోందన్నమాట. తప్పు, తీసెయ్ అని చేతిలోంచి లాక్కునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే తడమడం వల్ల అనుభవం వస్తుంది గానీ మాట రాదు. మాట మనుషుల దగ్గర్నుంచే రావాలి. ఎప్పుడు వస్తే పనికొస్తుంది? దీని మీద నాకు బాగా నచ్చిన ప్రయోగాలు రెండున్నాయి. అమెరికాలో అమాండా సైడల్, ఆమె సహచరులు నాలుగు నెలల పసికందులకు ఎడతెగని మాటల ప్రవాహం వినిపించారు. అందులో ఒక మాట వచ్చిన ప్రతిసారీ బిడ్డ మోకాలినో మోచేతినో తాకారు. స్పర్శతో కలిసి వచ్చిన మాటను పిల్లలు ఆ ప్రవాహంలోంచి విడిగా పట్టుకోగలిగారు. అదే మనిషి బిడ్డను తాకకుండా తన ముఖాన్ని తాను తాకుతూ మాట చెబితే ఆ ఫలితం కనిపించలేదు. రెండోది చెన్ యూ, లిండా స్మిత్‌లది. బుడిబుడి అడుగుల పిల్లల తలకు చిన్న కెమెరా కట్టి, ఆడుకునేటప్పుడు వాళ్ల కంటికి ఏమి కనిపిస్తుందో రికార్డు చేశారు. వస్తువును బిడ్డ తన చేత్తో దగ్గరగా పట్టుకుని, చూపంతా దాంతోనే నిండి ఉన్నప్పుడు తల్లిదండ్రులు పేరు చెబితే ఆ పేరు నిలిచింది. బిడ్డ ధ్యాస మరోచోట ఉన్నప్పుడు చెప్పిన పేరు నిలవలేదు. అంటే మాట ఎన్నిసార్లు చెప్పామన్నదానికన్నా ఏ క్షణాన చెప్పామన్నది ముఖ్యం. తడిమే పుస్తకం విలువ ఇక్కడే ఉంది. బిడ్డ ధ్యాస ఈ క్షణంలో ఎక్కడుందో పక్కన కూర్చున్నవాళ్లకు వేలు చెప్పేస్తుంది.

ఒక్క పేజీని దగ్గరగా చూద్దాం. బిడ్డకు ఏడాదిన్నర. అమ్మ ఒళ్లో, వీపు ఆమె పొట్టకు ఆనించి కూర్చుంది. పేజీ తెరిస్తే గొర్రెపిల్ల. ముందు అరచేత్తో పేజీని టపటపా చరుస్తుంది. తరువాత చూపుడువేలు ఒక్కటే ముందుకొచ్చి అట్టకూ ఉన్నికీ మధ్యనున్న అంచు దగ్గర ఆగుతుంది. గోటితో ఆ అంచును గీకుతుంది. కాసేపటికి వేలు ఉన్ని మీదకు జరుగుతుంది. చాలా ఇళ్లలో ఈ లోపే పేజీ తిప్పేస్తారు, లేదా ‘ఇదేంటి? చెప్పమ్మా, చెప్పు’ అని నిలదీస్తారు. ఆ రెండూ చేయకుండా, వేలు ఉన్నిని తాకిన క్షణాన ‘మెత్తగా ఉంది. గొర్రెపిల్ల మెత్తగా ఉంది’ అని నెమ్మదిగా అని, ఆగాలి. ఆగడమే కష్టం. అయిదారు సెకన్ల నిశ్శబ్దం పెద్దవాళ్లకు చాలా సేపనిపిస్తుంది. ఆ వ్యవధిలోనే బిడ్డ తలెత్తి అమ్మ ముఖం చూస్తుంది, ‘మె’ అంటుంది, కాదంటే మళ్లీ ఒకసారి తడుముతుంది. వీటిలో ఏది చేసినా అది జవాబే. ‘అవునమ్మా, మెత్తన’ అంటే ఆ వంతు పూర్తవుతుంది. 1978లో ఆనట్ నినియో, జెరోమ్ బ్రూనర్ ఒక తల్లీ కొడుకులు బొమ్మల పుస్తకం చూసే తీరును నెలల తరబడి గమనించి రాసింది ఇంచుమించు ఇదే. చూడు అనడం, ఏమిటని అడగడం, పేరు చెప్పడం, అవును అనడం. బిడ్డ ఏ శబ్దం చేసినా, నవ్వినా, వేలు చూపినా తల్లి దాన్ని వంతుగా లెక్కేసుకుని సంభాషణ నడిపింది. పిల్లవాడు మాటలు నేర్చేకొద్దీ ఆమె అతని నుంచి ఇంకాస్త ఎక్కువ ఆశించింది.

ఇప్పుడు కుక్కపిల్లల పుస్తకం సంగతికి వద్దాం. పిల్లలకు వస్తువుల పేర్లు త్వరగా వస్తాయి, గుణాల పేర్లు ఆలస్యమవుతాయి. బంతిని చూపించి ‘నున్నన’ అంటే, నున్నన అనేది ఆ వస్తువు పేరే అనుకోవడానికి అవకాశం ఎక్కువ. రకెల్ క్లిబనాఫ్, శాండ్రా వాక్స్‌మన్ మూడేళ్ల పిల్లలకు కొత్త విశేషణాలు నేర్పి చూశారు. ఒకే జాతి వస్తువుల మధ్య అయితే పిల్లలు ఆ గుణాన్ని పోల్చుకోగలిగారు. వేరే జాతి వస్తువులో అదే గుణాన్ని వెతకమంటే తడబడ్డారు. ముందు ఒకే జాతిలో రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలిస్తే, తరువాత ఆ గుణాన్ని ఇతర వస్తువుల్లోనూ గుర్తించగలిగారు. మూడేళ్లవాళ్ల సంగతే ఇలా ఉంటే ఏడాదిన్నర, రెండేళ్లవాళ్లకు ఆ సాయం ఇంకా అవసరమని అనుకోవడం న్యాయమే. అన్ని పేజీల్లోనూ కుక్కపిల్లే ఉందనుకోండి, పేరు మారదు. మారేది వేలికి తగిలేదే. అప్పుడు కొత్తగా వినిపించే మాట దేన్ని ఉద్దేశించిందో బిడ్డకు తేలిగ్గా అందుతుంది. పేజీకో జంతువు, పేజీకో గుణం, పేజీకో రంగు చొప్పున కుక్కేసిన పుస్తకం ధర ఎక్కువ పలికినా నా దృష్టిలో దానికన్నా ఇదే మెరుగు. కొనేటప్పుడు ఈ ఒక్క సంగతి చూసుకుంటే చాలు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది పరిశోధకులదే, దాన్ని దాటవేయడం తగదు. జూడీ డిలోష్, ఆమె సహచరులు రెండేళ్లకు అటూ ఇటూ వయసున్న పిల్లలకు రెండు రకాల పుస్తకాలు చదివి వినిపించారు. ఒకటి మామూలు బొమ్మల పుస్తకం, రెండోది పేజీ తెరవగానే బొమ్మ పైకి లేచే రకం. మామూలు పుస్తకం చూసినవాళ్లే జంతువుల పేర్లూ వివరాలూ ఎక్కువ నేర్చుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలు నేర్పే పుస్తకాల విషయంలోనూ, లాగడానికీ ఎత్తడానికీ హంగులున్న పుస్తకం చేతికిచ్చిన పిల్లలు తక్కువే నేర్చుకున్నారు. ఇది నా వాదాన్ని కూలుస్తుందా? నేననుకోవడం, దాని హద్దు ఎక్కడో చూపిస్తుంది. ఆ పుస్తకాల్లో చేతికి దొరికిన పని వేరు, నేర్పాలనుకున్న సంగతి వేరు. గుడ్డ రెక్క లాగడానికీ ‘బి’ అనే అక్షరానికీ సంబంధం లేదు, కాబట్టి చేయి ఒకవైపు లాగితే పాఠం మరోవైపు మిగిలిపోయింది. గరుకు ముక్కను తడిమినప్పుడు గరుకు అన్న మాట నేర్పితే చేయీ పాఠమూ ఒకటే. అదే ముక్కను అడ్డం పెట్టుకుని సున్నాలూ అకారాలూ నేర్పబోతే ఆ ప్రయోగంలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. నొక్కితే పాట పాడే మీటలు, మిణుకుమిణుకుమనే దీపాలు ఉన్న పుస్తకాలను ఈ కారణంతోనే నేను వద్దంటాను. అక్కడ మాట్లాడాల్సిన మనిషి వంతును పుస్తకమే లాగేసుకుంటుంది.

రెండో అభ్యంతరం మన ఇళ్లలో వినిపించేది, ఇదే బలమైనది. ఇంట్లో తడమడానికి లేనిదేముంది? బియ్యం డబ్బాలో చేయి పెడితే జారుతుంది, కాకరకాయ నిండా బుడిపెలు, బెండకాయ మీద నూగు, కొబ్బరికాయకు పీచు. తాతయ్య కప్పుకునే గొంగళి గరుకు, వత్తులు చేసే దూది మెత్తన, ఏటికొప్పాక లక్కబొమ్మ నున్నన. ఇవన్నీ వదిలి అట్ట మీద అతికించిన నైలాను బొచ్చు ఎందుకు? నిజమే, వస్తువులే ముందు. పుస్తకం వాటి స్థానంలోకి రాకూడదు. కానీ వస్తువులు చేయలేని ఒక పని పుస్తకం చేస్తుంది. తొమ్మిది నెలల బిడ్డకు సీసా ఫొటో చూపిస్తే దాన్ని పేజీలోంచి తీసుకోబోయినట్టు గోళ్లతో గీరుతుంది, చేత్తో పట్టబోతుంది. అమెరికా పిల్లలే కాదు, పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్ పల్లె పిల్లలు కూడా అంతేనని డిలోష్ బృందం 1998లో చూపించింది. ఏడాదిన్నర దాటేసరికి అదే పిల్లలు బొమ్మను పట్టుకోబోవడం మాని దాని వైపు వేలు చూపించడం మొదలుపెడతారు. బొమ్మ అనేది వస్తువు కాదు, వస్తువును తలపించేది అని తెలుసుకున్నారన్నమాట. రేపు అక్షరం అర్థం కావడానికి ఇదే పునాది. తడిమే పుస్తకం ఈ మలుపు దగ్గర నిలబడుతుంది. అందులో కొంత నిజంగానే చేతికి తగిలేది, మిగతాది కేవలం బొమ్మ. అందుకే వస్తువుకూ పుస్తకానికీ పోటీ పెట్టకుండా రెండింటినీ జత చేయమంటాను. పేజీలో గరుకు తడిమిన వెంటనే బిడ్డను ఎత్తుకెళ్లి గొంగళి తడిమించండి, ‘ఇదీ గరుకే’ అనండి. మర్నాడు బిడ్డే గొంగళి పట్టుకుని పుస్తకం వైపు చూస్తే, ఆ మాట ఒక్క పేజీని వదిలి బయటి ప్రపంచంలోకి వచ్చేసినట్టే.

ఇంత చిన్న వయసులో చదువు బరువెందుకని కొందరు ఆర్తితో అడుగుతారు. ఆ ఆర్తి సరైనదే. రెండేళ్ల బిడ్డను కూర్చోబెట్టి ఇదేంటి, అదేంటి అని ప్రశ్నలు గుప్పిస్తే అది పరీక్షే అవుతుంది, పుస్తకమంటే భయం మొదలవుతుంది. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు రెండు, మూడేళ్ల లోపు పిల్లల తల్లిదండ్రులకు పుస్తకం చదివే పద్ధతి కొంచెం మార్చుకోవడం నేర్పారు. చదివి వినిపించడం తగ్గించి, పిల్లల చేత మాట్లాడించడం, వాళ్లన్న ముక్కకు ఇంకో ముక్క కలిపి తిరిగి చెప్పడం. ‘కుక్క’ అంటే ‘అవును, బొచ్చు కుక్క’ అనడం లాంటిది. కొత్త పుస్తకాలేవీ కాదు, చదివే తీరే మారింది. నెల రోజుల్లో ఆ పిల్లల మాటల సామర్థ్యం మిగతా పిల్లల కన్నా స్పష్టంగా ముందుకెళ్లింది. బిడ్డ పుస్తకం మూసేస్తే మూసేయనివ్వాలి. ఒకే పేజీకి పదిసార్లు తిరిగొస్తే రానివ్వాలి. బొచ్చు తగిలితేనే చేయి వెనక్కి తీసుకునే పిల్లలూ ఉంటారు, వాళ్ల వేలు పట్టుకుని బలవంతంగా తడిమించకూడదు. పెద్దవాళ్లు తాము తడిమి చూపించి ఊరుకుంటే చాలు.

ధర సంగతి నిజమైన ఇబ్బంది. దిగుమతైన పుస్తకం ఒక్కోటి వందల్లో ఉంటుంది, అందులో ఉన్నవి మన పిల్లలు ఎన్నడూ చూడని ధ్రువపు ఎలుగుబంటీ పెంగ్విన్‌లూ. అందుకని ఇంట్లో చేసుకోవడమే మేలని నేనంటాను. మందపాటి శుభలేఖలు ప్రతి ఇంట్లో పోగుపడతాయి, పేజీలకు అవి పనికొస్తాయి. వాటి కన్నా గుడ్డ పుస్తకం ఇంకా మంచిది, ఉతుక్కోవచ్చు. దర్జీ దగ్గర దొరికే ముక్కల్లో మఖ్మలూ పట్టూ తువ్వాలు గుడ్డా ఉంటాయి, గోనెసంచి ముక్క గరుకుకు సరిపోతుంది. అయిదు పేజీలు, ప్రతి పేజీలోనూ అదే పిల్లి, దాని ఒంటికి పేజీకో గుడ్డ. జిగురు వద్దు, అంచులు చుట్టూ దగ్గర దగ్గర కుట్లు వేయాలి, ఎందుకంటే ఇది తప్పకుండా నోట్లోకి వెళ్తుంది. గుండీలు, పూసలు, చమ్కీలు, గింజలు అసలే పెట్టకూడదు, ఊడితే గొంతుకు అడ్డం పడతాయి. వేలాడే దారాలు కత్తిరించేయాలి. ఉప్పుకాగితం కూడా వద్దు, నోట్లో పెట్టుకుంటే దాని రేణువులు రాలతాయి. వారానికోసారి ప్రతి ముక్కనూ గట్టిగా లాగి చూస్తే ఏది వదులైందో తెలిసిపోతుంది.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మన పిల్లలకు ఇంగ్లీషు పుస్తకాలే దొరుకుతాయి. దానికి దిగులుపడనక్కర్లేదు. ఈ పుస్తకాల్లో అచ్చయిన వాక్యం బిడ్డకు అవసరం లేదు, వేలికి తగిలినదాన్ని అమ్మమ్మ తెలుగులో చెబితే అదే పాఠం. వీడియో కాల్‌లో మాట్లాడే అమ్మమ్మ కన్నా పక్కన కూర్చున్న నాన్న ఇంకా నయం, ఎందుకంటే వేలు ఎక్కడ ఆగిందో ఆయనకు కనిపిస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకు వీడియో కాల్ తప్ప తెర వద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2021లోనే చెప్పింది. పుస్తకం, మనిషి, బిడ్డ ఒకచోట ఉంటే తెరతో పనే లేదు.

చివరిగా అంగన్‌వాడీల మాట. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో మూడేళ్ల లోపు పిల్లలకు ఇన్నాళ్లూ తూకం, టీకా, పౌష్టికాహారమే ప్రధానమయ్యాయి. 2024లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ‘నవచేతన’ మార్గదర్శకం పుట్టుక నుంచి మూడేళ్ల వరకు నెలనెలా ఏం చేయాలో 36 నెలల క్యాలెండరు ఇచ్చి, 140 పనులు సూచించింది. ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులకు చేసి చూపించమంది. ఆ వెళ్లే అంగన్‌వాడీ టీచరు సంచిలో అయిదు పేజీల తెలుగు గుడ్డ పుస్తకం ఒకటి ఉండాలని నా కోరిక. కుట్టడం వచ్చిన స్వయం సహాయక సంఘాల మహిళలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా ఉన్నారు. ప్రతి పేజీలోనూ అదే గొర్రెపిల్లను పెట్టి, దాని ఒంటికి పేజీకో గుడ్డ వేసి కుట్టిస్తే వాళ్లకు కూలీ గిట్టుతుంది, అంగన్‌వాడీ కేంద్రానికి పుస్తకం చేరుతుంది. టీచరు ఆ ఇంట్లో పావుగంట కూర్చుని, తల్లి చేతికి పుస్తకమిచ్చి, మాట ఎప్పుడు అనాలో ఎప్పుడు ఆగాలో ఒక్క పేజీ మీద చూపించి, పుస్తకాన్ని వారం పాటు అక్కడే ఉంచి రావాలి.